తుంపరపిట్టకు సాక్షి

దర్జీ కొట్టు పైగది
వానలు ఇంకా మొదలుకాలేదు

పిచ్చుకా,

“రెండో ముద్రణలో అట్ట మీద నీ పేరే ముందుంటుంది” అని ఒక పెద్దమనిషి నాకు మాటిచ్చాడు. నువ్వు పుట్టకముందు సంగతి. ఆ పుస్తకానికి ముద్రణ మీద ముద్రణ వచ్చింది. అట్ట రంగు మారింది, కాగితం మారింది, ధర మారింది. పేరు మాత్రం మారలేదు. ఆ పెద్దమనిషి ఎవరని అడగకు. చెప్పే రోజు వస్తే నేనే చెబుతాను.

నువ్వు పంపిన పాత లాప్‌టాప్ చేరింది. దర్జీ దాన్ని మెట్లెక్కించి తెచ్చి, “ఏం పెద్దాయనా, ఈ వయసులో పెళ్లిసంబంధాలు చూసుకుంటావా ఇందులో?” అన్నాడు. “నీ కుట్టు ఎలా ఉంటుందో లోకానికి చెబుతా” అన్నాను. అప్పట్నుంచి నా చొక్కా గుండీలు అడక్కుండానే కుడుతున్నాడు. చూశావా, ఇంకా ఒక్క అక్షరం రాయలేదు, అప్పుడే రాతకు ఎంత భయపడుతున్నారో.

నేను బ్లాగు మొదలుపెడతాను. నవ్వకు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ బతుకంతా గడిపాను. ఎంతమంది మహానుభావుల తప్పులు నా ఎర్రసిరాలో మునిగి తేలాయో నాకే తెలుసు. ఒక కవిగారు ముందుమాటలో తన పిల్లికి కూడా కృతజ్ఞతలు చెప్పాడు. ఆయన పద్యాలకు కాళ్లూ చేతులూ అతికించిన నేను ఆయనకు గుర్తురాలేదు. పిల్లి ఏం దిద్దిందో మరి.

నా అనుమానం ఒక్కటే. పుస్తకానికి అట్ట ఉంటుంది, అట్ట మీద పేరు పక్కన డిగ్రీ ఉంటుంది, వెనక ప్రచురణకర్త ఉంటాడు. నా వెనక గోడ ఉంది, దానికి సున్నం రాలుతోంది. ముక్కూమొహం తెలియని ముసలివాడు రాసింది ఎవరైనా ఎందుకు నమ్మాలి? అది చెప్పు. ఫోను చెయ్యకు. నా చెవిలో నీ గొంతు డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తుంది. ఉత్తరమే రాయి.

మీ నాన్న ఎలా ఉన్నాడు? ఇంకా ఆ ఒక్క మాటేనా?

మామయ్య

~

ఆఫీసు, కాఫీ మెషిన్ పక్క బల్ల

మామయ్యా,

నవ్వలేదు. కొంచెం నవ్వాను.

నేను రోజంతా చేసే పని ఇదే కదా. మిక్సీలు, ఫ్రిజ్‌లు అమ్మే కంపెనీ వెబ్‌సైటుకు రాతలు రాస్తూ, చదివేవాళ్లు నమ్మేలా చూడటం. మిక్సీ విషయంలో ఏది పనిచేస్తుందో మనిషి విషయంలోనూ అదే పనిచేస్తుంది. ముందు నీ ఫోటో పెట్టు. ఎవరివో, ఏం పని చేశావో, ఏం తెలుసో, ఏం తెలియదో ఒక పేజీలో రాయి. ఏం తెలియదో రాయడం మరిచిపోకు, జనం ముందు అదే చూస్తారు. అన్ని విషయాలూ రాయకు, నీకు బాగా తెలిసిన ఒక్కదాన్ని పట్టుకో. నీకు పిట్టలు తెలుసు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని కరెంటు తీగల మీద పిట్టలకు పేర్లు చెప్పింది నువ్వే. నాన్న పిట్టల పుస్తకం రాశారు గానీ, నన్ను ఒక్కసారి కూడా బయటికి తీసుకెళ్లి చూపించలేదు.

ఇంకో మాట. తప్పు రాశావని ఎవరైనా చూపిస్తే చెరిపెయ్యకు. దాని మీద గీత గీసి, పక్కన సరైనది రాయి. తప్పును దాచనివాణ్ణే జనం నమ్ముతారు.

నాన్న అలాగే ఉన్నారు. పక్షవాతం వచ్చాక మిగిలింది “సరే” ఒక్కటే. ఆకలేస్తోందా అంటే సరే. కడుపు నిండిందా అంటే సరే. ఏ సరే ఏదో తనకు తెలుస్తుందంటుంది అమ్మ. మధ్యాహ్నాలు పక్షుల పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి పేజీలు తిప్పుతుంది. చివర్లో మూసేశాక ఆయన అట్ట మీద అచ్చయిన తన పేరును వేలితో తడుముతారు, ఒక్కో అక్షరం మీదుగా. రోజంతటిలో ఆయన మొహం వెలిగేది అప్పుడే.

నీ
పిచ్చుక

~

పైగది
తుంపర్లు పడుతున్నాయి

పిచ్చుకా,

బ్లాగు పేరు ‘దిద్దుబాటు’. ఫోటో దర్జీ తీశాడు. అందులో నేను ఎవరినో ముంచి పారిపోతున్నవాడిలా ఉన్నాను. “ఒక్కసారి నవ్వు పెద్దాయనా” అంటే, “కొలతలు తీసుకునేటప్పుడు ఎవరినైనా నవ్వమంటావా?” అన్నాను. అలాగే తీశాడు.

మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత ముగ్గురో నలుగురో వచ్చి మంచి మాటలు రాశారు. నేను వాళ్ల మాటల్లో అచ్చుతప్పులు దిద్ది తిరిగి పెట్టాను. మళ్లీ రాలేదు. మర్యాదగా దిద్దాను, అయినా ఎందుకు నొచ్చుకున్నారో అర్థం కాలేదు. ప్రెస్సులో అలా దిద్దితే టీ ఇప్పించేవారు.

అసలు కథ విను. మా ఎదుటి గోడ మీద వాలే పిట్టను ఆడది అని రాశాను. ఒక బడి టీచరమ్మ, పిల్లలకు పిట్టలను చూపించే ఆవిడట, “కాదండీ, అది మగపిల్ల, ఇంకా రంగు రాలేదు” అని ఫోటోతో సహా పెట్టింది. ఒళ్లు మండింది. కానీ నువ్వు చెప్పినట్టే గీత గీసి పక్కన దిద్దాను. ప్రెస్సులోనూ అంతే కదా. దిద్దేవాడు ఏదీ చెరపడు. అడ్డగీత గీసి, మార్జిన్‌లో మంచి మాట రాస్తాడు. కింద ఏముందో అక్షరాలు పేర్చే కంపోజిటరుకు కనపడాలి. నా జీవితమంతా చేసిన పని ఇక్కడ ఇంత గొప్ప గుణం అవుతుందని అనుకోలేదు. ఆ కొట్టివేతను చూసి జనం వచ్చారు. “ఈయన నిజాయితీపరుడు” అని ఒకడు రాశాడు. ఎవరో ‘కొండగాలి’ అని పేరు పెట్టుకున్నవాడు. సొంత పేరు చెప్పలేనివాడు నాకు నిజాయితీ పట్టా ఇస్తున్నాడు. పోనీలే. పట్టా పట్టానే.

ఇప్పుడు రోజూ రాస్తున్నాను. కాకి గురించి రాసినా చదువుతున్నారు. నన్ను నమ్ముతున్నారు, పిచ్చుకా. ఈ వయసులో ఇది వింతగా ఉంది.

మామయ్య

~

ఇల్లు, బాల్కనీ

మామయ్యా,

అమ్మ నీ బ్లాగు వంటింట్లో ఫోనులో చదువుకుంటోంది. స్టవ్ మీద పాలు పొంగినా తెలియనంతగా. “అన్నయ్య నా పక్కన కూర్చుని తిడుతున్నట్టే ఉంది” అంటుంది, నవ్వుతూ. చాలా రోజులకు నవ్వడం చూశాను.

నువ్వు చెప్పిన ఆ మాట తప్పిన పెద్దమనిషి ఎవరే అని అమ్మను అడిగాను. పాత్ర తోముతున్న చెయ్యి ఆగింది. “మీ మామయ్యకు ఎవరి మీద కోపం లేదు గనక” అని మళ్లీ తోమింది. ప్రెస్సు ఓనరేనా? ఆయన పోయి చాలా కాలమైంది కదా. పోయినవాళ్ల జోలికి వెళ్లకు మామయ్యా, జనానికి నచ్చదు.

ఇంకో విషయం. నీ బ్లాగులో ఎవరో తుంపరపిట్ట గురించి అడిగారు, చూశావా? నాన్న పుస్తకంలో ఉంది కదా, తుంపర పడేటప్పుడే కనిపించి వాన పెద్దదైతే మాయమయ్యే పిట్ట, తలమీద దువ్వినట్టు కుచ్చు ఉండేది. చిన్నప్పుడు దాని బొమ్మ నాకు చాలా ఇష్టం. అమ్మ వేసిన బొమ్మలన్నిటిలోకీ అదే బాగుంటుంది. నువ్వు ఎప్పుడైనా చూశావా? రాయవూ దాని గురించి. అందరూ ఎదురుచూస్తున్నారు.

పిచ్చుక

~

పైగది

పిచ్చుకా,

ఈ ఉత్తరం నీకు అందేలోగా నువ్వు బ్లాగులో చదివేసే ఉంటావు. అయినా నీకు విడిగా రాయాలి. రాయమన్నది నువ్వే.

తుంపరపిట్ట లేదు. ఎప్పుడూ లేదు. ఆ పిట్టను పుట్టించింది నేను.

పుస్తకం రాసిందీ నేనే. మీ నాన్న కాలేజీలో పాఠం చెప్పేవాడు, కప్పను కోసి చూపించేవాడు. చెట్ల కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడి రాసుకున్నవాణ్ణి నేను. “డిగ్రీ లేని ప్రూఫ్‌రీడరు పేరు మీద పక్షుల పుస్తకం వేస్తే ఎవరు కొంటారయ్యా” అన్నాడు ప్రచురణకర్త. మీ నాన్న నన్ను పక్కకు పిలిచి, “ఈ ఒక్కసారికి నా పేరు పెడదాం బావా. రెండో ముద్రణలో అట్ట మీద నీ పేరే ముందుంటుంది. నా మాట మీద నమ్మకం లేదా?” అన్నాడు. ఉందన్నాను. లేదు. అందుకే పిట్టను పెట్టాను.

మీ అమ్మ వంటింట్లో కూర్చుని బొమ్మలు వేస్తోంది. నేను బల్లకు ఇటువైపు. “చెల్లాయ్, ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ చూడలేదు” అన్నాను. “ఎవరూ చూడందాన్ని ఎలా వెయ్యను?” అంది. “అందుకే నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి.” బల్ల మీద పళ్లూడిన దువ్వెన ఉంది. దాన్ని చూసి తలమీద కుచ్చు వేసింది. తోక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నవ్వలేక కడుపు పట్టుకున్నాం. పక్కగదిలోంచి మీ నాన్న, “ఏమిటి మీ గోల” అని అరిచాడు. “పిట్ట దొరికింది” అంది మీ అమ్మ.

రచయిత ఎవరని ఎప్పుడైనా పేచీ వస్తే, లేని పిట్ట ఏదో చెప్పగలిగినవాడే రచయిత. అది నా సంతకం. మీ నాన్నకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఆ పేజీ అన్ని ముద్రణల్లో ఉండేది కాదు.

తప్పు దాచకు, గీత గీసి దిద్దు అన్నావు. దిద్దాను.

మామయ్య

~

ఇల్లు, నాన్న మంచం పక్క

మామయ్యా,

నీకు బ్లాగు పెట్టడం నేర్పింది నేను. నమ్మేలా రాయడం నేర్పింది నేను. అదంతా మా నాన్న మీదికేనని ఒక్క మాట ముందు చెప్పి ఉండాల్సింది. మొదటి ఉత్తరంలోనే “మీ నాన్న ఎలా ఉన్నాడు” అని అడిగితే ప్రేమ అనుకున్నాను.

నీ బ్లాగు కింద జనం రాసినవి చదివావా? “అబద్ధం రాశానని ఒప్పుకునేవాడు ఇప్పుడు నిజం రాస్తున్నాడని ఏమిటి హామీ?” అని నీ కొండగాలి. “మా తాతయ్య ఈ పిట్టను చూశారు, మీరు లేదంటే అయిపోతుందా?” అని ఒకతను. ఇంకొకరు రెక్క రంగు కూడా చెప్పారు. బడి టీచరమ్మ రాసింది నాకు ఎక్కువ బాధనిపించింది. “నా పిల్లలు ఆ పిట్ట కోసం తుంపరలో నిలబడి తడిశారు. చదివేవాళ్లను ఇంత తేలిగ్గా మోసం చేయగలిగిన మనిషి బ్లాగు ఇక చదవను.” వాళ్ల కోపం నాన్న మీద కాదు మామయ్యా, నీ మీద. నాన్న పేరుకు ఏమీ కాలేదు. నీ మాటే పోయింది.

నీ రాత మొత్తం నాన్నకు చదివి వినిపించాను. చదవకుండా ఉండలేకపోయాను. “ఇది నిజమేనా నాన్నా?” అన్నాను. సరే అన్నారు. “అబద్ధమా?” అన్నాను. సరే అన్నారు. కానీ ఆ రోజు పుస్తకం మూశాక అట్ట మీద వేలు పెట్టలేదు. అమ్మ చెయ్యి పట్టి పెట్టినా వెనక్కి తీసుకున్నారు. ఆయనకు అర్థమైందా? ఎవరిని అడగను?

దయచేసి అది తీసెయ్యి.

పిచ్చుక

~

పైగది
వాన ఎడతెరిపి లేదు

పిచ్చుకా,

తీసెయ్యను. చెరపడం నా వృత్తిలో లేదు.

నన్ను తిట్టిన వాళ్లను నేనేమీ అనను. వాళ్లకు నేనెవరిని? వాళ్లు పిట్టను పుస్తకంలో చూశారు, పుస్తకాన్ని బడిలో చూశారు. ఒక్కసారి అచ్చు పడితే చాలు, లేనిది ఉన్నదైపోతుంది. బతుకంతా ఆ అచ్చు ముందు కూర్చున్నవాణ్ణి, ఇది నాకు కొత్త కాదు. అబద్ధాన్ని అచ్చులో నమ్మినవాళ్లు నిజాన్ని తెర మీద నమ్మడం లేదు. కిందికెళ్లి దర్జీని అడిగాను. “నువ్వు నమ్ముతావా నన్ను?” “నమ్మక చస్తానా, పైన ఉండేది నువ్వే కదా” అన్నాడు. అది నమ్మకం కాదు, అద్దె ఇంట్లో సర్దుబాటు.

నాకు కావాల్సింది ఒక్క సాక్షి. ఆ బల్లకు అటువైపు కూర్చున్న మనిషి. మీ నాన్నను తిట్టమనడం లేదు. నేను గొప్పవాణ్ణని చెప్పమనడం లేదు. ‘ఆ పిట్ట లేదు, వంటింట్లో మేమిద్దరం పుట్టించాం’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. బొమ్మ వేసిన చెయ్యి చెబితే కాదనేవాడెవడు? తన పేరు పుస్తకంలో ఉంది, బొమ్మలు అని చిన్న అక్షరాల్లో. తనను నమ్ముతారు.

నాకు ఇంకెన్నాళ్లుందో తెలియదు గానీ, ఒకే ఒక్కసారి నా మాట నిజమని ఎవరో ఒకరు పైకి అనాలి. మీ అమ్మను అడుగు. నేను అడిగానని చెప్పు.

మామయ్య

~

ఇల్లు, వంటింటి గట్టు

మామయ్యా,

అడిగాను. ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివింది. కూర దించి, చేతులు తుడుచుకుని, “ఫోను ఇలా ఇవ్వు, తనే రాయమన్నాడుగా” అంది. నేను సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఇక ముగిసిపోతుందనుకున్నాను.

ఆమె రాసింది నువ్వు చూసే ఉంటావు. అయినా ఇక్కడ రాస్తున్నాను, నా చేత్తో రాస్తేనైనా నాకు అర్థమవుతుందేమోనని.

“ఈ పుస్తకానికి బొమ్మలు వేసింది నేను. తుంపరపిట్టను మా పెరటి గోడ మీద నా కళ్లతో చూసి వేశాను. మా అన్నయ్య పెద్దవాడయ్యాడు, జ్ఞాపకాలు కలగాపులగం అవుతున్నాయి. ఆయనను ఎవరూ ఏమీ అనవద్దని మనవి.”

“అమ్మా, నువ్వు నిజంగా చూశావా?” అని అడిగాను.

“చూశాను.”

“దువ్వెన సంగతి?”

“ఏ దువ్వెన?”

నేను గట్టిగా అరిచాను. మామయ్య ఒంటరిగా ఆ గదిలో ఉన్నాడు, ఒక్క వాక్యం అడిగాడు, అది కూడా ఇవ్వలేవా అన్నాను. అమ్మ గొంతు పెంచలేదు. “మీ మామయ్యకు నోరుంది. చెయ్యి ఉంది. కోపం ఉంది. రోజుకొకటి రాసుకుంటాడు. లోపల మంచం మీద ఉన్నాయనకు ఆ అట్ట తప్ప ఏముందే?” అంది. తర్వాత లోపలికి వెళ్లి పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది. “తుంపరపిట్ట ఉందని అందరూ ఒప్పుకున్నారు” అంది ఆయనతో. సరే అన్నారు. అట్ట మీద వేలు పెట్టారు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నీకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. నువ్వు రాసింది నిజమని నాకు తెలుసు. నాకు తెలిసి ప్రయోజనమేముంది? నేను పుట్టనే లేదు అప్పటికి.

పిచ్చుక

~

పైగది
వాన వెలిసింది

పిచ్చుకా,

మీ అమ్మ రాసింది చదివాను. చక్కగా రాసింది. ఎక్కడా అక్షరం పొల్లు పోలేదు. చిన్నప్పుడు పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది నేనే కదా. ఆ చేత్తోనే రాసింది.

జవాబు రాయడానికి కూర్చున్నాను. రాయగలను. ఆ ఇంటికి పెరడే లేదు, పెరటి గోడా లేదు, వెనకవైపు నీళ్ల ట్యాంకు ఉండేది. పాత మనుషులను అడిగితే చెబుతారు. ఒక్క వాక్యంలో ఆమె సాక్ష్యం కొట్టేయగలను. ప్రూఫ్‌రీడరుకు అది ఎంత పని? సగం రాశాను కూడా. అప్పుడు కొండగాలి గుర్తొచ్చాడు. నేను ఇది పెట్టగానే వాడు వచ్చి, “అయితే అబద్ధాలాడింది మీ చెల్లెలన్నమాట” అంటాడు. తాతయ్యల మనవలు, రెక్క రంగు చూసినవాళ్లు, అందరూ వచ్చి ఆమె మీద పడతారు. ముక్కూమొహం లేనివాళ్లు నా చెల్లెల్ని అబద్ధాలకోరు అంటుంటే నేను ఇక్కడ కూర్చుని చదవాలి. నా వల్ల కాలేదు. నా మీద నాకే అసహ్యమేసింది, అయినా నా వల్ల కాలేదు.

అందుకని నువ్వు నేర్పిన పనే చేశాను. నేను రాసిన నిజం మీద, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, అడ్డగీత గీశాను. కింద ఏముందో కావాలంటే ఎవరైనా చదువుకోవచ్చు. పక్కన రాశాను: ‘దిద్దుబాటు. తుంపరపిట్ట ఉంది. చూసినవారు చెప్పారు.’

ఏం జరిగిందో తెలుసా? బడి టీచరమ్మ తిరిగి వచ్చింది. “ఈ వయసులో పొరపాటు ఒప్పుకోవడానికి ఎంత మనసు కావాలి” అని రాసింది. కొండగాలి చప్పట్ల బొమ్మ పెట్టాడు. ఇంతమంది ఎప్పుడూ రాలేదు. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, పిచ్చుకా. ఇప్పుడు నా బ్లాగును అందరూ నమ్ముతున్నారు.

లాప్‌టాప్ దర్జీకి ఇచ్చేశాను. వాడి కూతురు చొక్కాల డిజైన్లు చూసుకుంటుందట. నాకు కిటికీ చాలు. నీ ఉత్తరాలు మాత్రం ఆపకు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ వయసుకు పగలూ కోపాలూ వాటంతటవే పలచబడతాయని పుస్తకాల్లో చదివాను. కొన్ని పలచబడ్డాయి. కవిగారి పిల్లిని క్షమించాను. ప్రచురణకర్త పోయాడు. మీ నాన్న మాట తప్పాడు, నిజమే, కానీ మాట తప్పినవాడికి ఇప్పుడు మాటే లేదు. సరే అని తప్ప అనలేనివాడితో ఏం పోట్లాడను? ఆయన వేలు ఆ అట్ట మీదే ఉండనీ. లోకం మీద కూడా కోపం లేదు, దానికి నేనెవరో తెలియదు.

నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కరినే. నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషిని. బల్లకు అటువైపు కూర్చుని, పళ్లూడిన దువ్వెనను చూసి పిట్టకు కుచ్చు వేసి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నాతో కలిసి నవ్విన మనిషిని.

మీ అమ్మని.